పెద్ద ఎయిర్‌లైన్‌లో చేరాలంటే: పైలట్‌గా ఏ ఉద్యోగం పట్టుకోవాలి, ఏది వదలాలి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చిన రోజు నుంచి చుట్టాలు, స్నేహితులు అడిగే ప్రశ్న ఒకటే: "ఇండిగోలోనా, ఎయిర్ ఇండియాలోనా?" ఆ రెండింటిలో ఒకదానిలో నేరుగా సీటు దొరికిన అదృష్టవంతులకు ఈ మార్గదర్శితో ఇప్పట్లో పెద్దగా పని ఉండదు. దొరకనివాళ్ళే ఎక్కువ. 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. ఆ వార్తలు చదివితే దేశంలో పైలట్లకు విపరీతమైన కరువు ఉందనిపిస్తుంది. కరువున్న మాట నిజమే, కానీ అది కెప్టెన్లకు. 200 గంటలు ఎగిరినట్టు రాసి ఉన్న లాగ్‌బుక్‌తో ఇంటర్వ్యూ కాల్ కోసం ఎదురుచూసే కొత్తవాళ్ళు మాత్రం కావలసినంతమంది ఉన్నారు. పైగా ఆర్డర్ ఇచ్చిన విమానాలు ఒక్కసారిగా రావు, ఏళ్ళ తరబడి విడతలుగా వస్తాయి.

కాబట్టి చాలామందికి మధ్యలో ఒకటో రెండో ఉద్యోగాలు తప్పవు. వాటిని ఎంచుకునేటప్పుడు నేను నమ్మే సూత్రం ఇది: చిన్న విమానం నడిపినందుకు ఎవరి కెరీరూ పాడవదు. నెలల తరబడి ఎగరకుండా కూర్చున్నా, తప్పు కంపెనీకి బాండ్ (ఇన్నేళ్ళు పనిచేస్తాను, ముందే మానేస్తే డబ్బు కడతాను అనే ఒప్పందం) రాసిచ్చినా పాడవుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఈ రెండు ప్రమాదాల నుంచి మిమ్మల్ని దూరంగా ఉంచడానికే.

మొదటి అడుగు: లాగ్‌బుక్‌ను, అప్పును ఒకే కాగితం మీద పెట్టండి

మొత్తం గంటలు ఎన్ని అన్నది ఒక్కటే చూసుకుంటే చాలదు. పీఐసీ గంటలు (విమానం బాధ్యత మీదై ఎగిరినవి), మల్టీ ఇంజిన్ గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాల ఆధారంగా ఎగిరినవి), నైట్, క్రాస్ కంట్రీ (ఒకచోటి నుంచి మరోచోటికి ఎగిరినవి) గంటలు విడివిడిగా రాయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, గత 12 నెలల్లో ఎన్ని గంటలు ఎగిరారో రాయండి. రెండేళ్ళ క్రితం 350 గంటలు పూర్తిచేసి ఖాళీగా ఉన్నవారికీ, 200 గంటలే ఉన్నా పోయిన వారం కూడా ఎగిరినవారికీ సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపిన అనుభవమిచ్చే యంత్రం) పరీక్షలో తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

పక్కనే ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి కావలసిన పై లైసెన్స్) ఏం మిగిలిందో రాయండి. కనీస వయసు 21, మొత్తం 1,500 గంటలు. అందులో నైట్, క్రాస్ కంట్రీ, ఇన్‌స్ట్రుమెంట్ గంటలకు విడివిడి షరతులున్నాయి. 1,500 గంటలు దాటాక నైట్ గంటలు తక్కువయ్యాయని గమనించి తిప్పలు పడేవాళ్ళున్నారు. రాతపరీక్షలు కూడా గంటలు నిండేదాకా వాయిదా వేయకండి. కెప్టెన్ అప్‌గ్రేడ్‌కు పిలిచే నాటికి ఏటీపీఎల్ చేతిలో లేనివాళ్ళను దాటి వెనకవాళ్ళు ముందుకెళ్తారు.

ఇక అప్పు. మన దగ్గర చాలా కుటుంబాలు పొలమో ఇల్లో తాకట్టు పెట్టి ఈ చదువు చదివిస్తాయి. 50 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెల వాయిదా దాదాపు 69 వేలు పడుతుంది. ఈ అంకె తెలియకుండా ఏ ఆఫర్‌నూ తూకం వేయలేరు. నేర్పించే ఉద్యోగంలో జీతం తక్కువని మీరు వదిలేస్తే ఆ నెలల వాయిదా ఎవరు కడతారో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి. నాన్న కడతారనుకుంటే, ఎన్నాళ్ళు కట్టగలరో ఆయన్నే అడగండి.

రెండో అడుగు: 200 గంటల దగ్గర ఉన్న దారులు

మొదటిది క్యాడెట్ ప్రోగ్రామ్, అంటే ఎయిర్‌లైన్ తన కోసం ఇప్పించే శిక్షణ. దాని గురించి ఎక్కువ చెప్పను. ఖర్చు భారీగా ఉంటుంది. ప్రతిఫలంగా ఒక ఎయిర్‌లైన్‌లోకి తీసుకెళ్ళే దారి ముందే గీసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు "షరతులతో కూడిన ఆఫర్" అనే పదాల కింద ఏముందో చదవండి. ఆ సమయానికి ఎయిర్‌లైన్‌కు పైలట్లు అక్కర్లేకపోతే ఎన్నాళ్ళు వేచి ఉండాలి, డబ్బు వెనక్కి వస్తుందా అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

రెండో దారి, సొంత ఖర్చుతో ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేసుకోవడం. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. సిమ్యులేటర్ స్లాట్లు అమ్మేవాళ్ళందరూ "రేటింగ్ ఉంటే ముందు పిలుస్తారు" అని చెబుతారు. నియామకాలు జోరుగా ఉన్న రోజుల్లో అది కొంతవరకు నిజం. నియామకాలు ఆగిపోయాక అదే రేటింగ్ భారమవుతుంది. వాడకపోతే దాని చెల్లుబాటు తీరిపోతుంది, మళ్ళీ సిమ్‌లో (సిమ్యులేటర్‌లో) డబ్బు పోసి బతికించుకోవాలి. ఏ విమానానికి చేస్తున్నామన్నది ఇంకో పందెం. బోయింగ్ 737 మాక్స్‌ను 2019 మార్చిలో దేశంలో నిలిపేశారు, మళ్ళీ అనుమతి వచ్చింది 2021 ఆగస్టులో. అదే 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోవడంతో వేల గంటల అనుభవమున్న 737 పైలట్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చారు. ఆ రోజుల్లో 200 గంటలు, కొత్త 737 రేటింగ్ ఉన్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. నా సలహా సూటిగా చెబుతాను: చేతిలో ఆఫర్ లెటర్ గానీ, కనీసం తేదీ ఖరారైన ఎంపిక పరీక్ష గానీ లేకుండా అప్పు మీద అప్పు చేసి టైప్ రేటింగ్ చేయొద్దు.

మూడోది, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. ముందు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, ఆ తర్వాత పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. జీతం తక్కువే. అయినా ఈ దారిని మనవాళ్ళు చులకనగా చూడటం నాకు అర్థం కాదు. రోజుకు నాలుగైదు సార్టీలు (శిక్షణ ప్రయాణాలు), అన్నీ పీఐసీ గంటలే. విద్యార్థి చేసే పొరపాటును రెండు సెకన్ల ముందే పసిగట్టే అలవాటు ఇంకెక్కడా రాదు. బేగంపేటలో గానీ నాదర్‌గుల్‌లో గానీ నేర్చుకున్నవాళ్ళు అదే అకాడమీలో ఖాళీ ఉందేమో ముందు కనుక్కోవచ్చు, అక్కడి విమానాలు, గగనతలం తెలిసినవే కాబట్టి. చూసుకోవలసింది ఒకటే. ఆ అకాడమీలో విమానాలు నిజంగా ఎగురుతున్నాయా, ఇంజిన్ విడిభాగాల కోసం హ్యాంగర్లో పడి ఉన్నాయా? ఇన్‌స్ట్రక్టర్ హోదా ఉండి నెలకు పది గంటలు మాత్రమే ఎగిరితే ఆ ఉద్యోగంతో ప్రయోజనం లేదు.

నాలుగోది చార్టర్ సంస్థలు, అంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్లు. కింగ్ ఎయిర్ లాంటి రెండింజన్ల విమానాల్లో కో పైలట్ సీటు దొరుకుతుంది. నైపుణ్యం బాగా వస్తుంది, గంటలు మాత్రం మెల్లగా పోగవుతాయి. ఎన్నికల సీజన్లో తీరిక ఉండదు, మిగతా నెలల్లో ఫోన్ మోగే వరకు ఎదురుచూపులే. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న కో పైలట్‌ను కలిసి గత ఏడాది ఎన్ని గంటలు ఎగిరారో అడగండి. యజమాని చెప్పే అంకె కన్నా ఆ అంకెను నమ్మండి.

ఐదోది ఏటీఆర్, అంటే దగ్గరి ఊళ్ళకు తిరిగే ప్రొపెల్లర్ల విమానం. ఇండిగో తన ఏటీఆర్ సర్వీసులను 2017 డిసెంబరులో మొదలుపెట్టింది హైదరాబాద్ నుంచే. అలయన్స్ ఎయిర్, 2024లో మొదలైన ఫ్లై91 కూడా ఏటీఆర్‌లు నడుపుతున్నాయి. "ఏటీఆర్‌లో ఇరుక్కుంటే జెట్ ఎక్కలేం" అనే భయం కుర్రాళ్ళలో బాగా ఉంది. ఆ భయంలో ఒక పాలు నిజముంది. గల్ఫ్ ఎయిర్‌లైన్లు, కొన్ని విదేశీ సంస్థలు విమానం బరువును బట్టి గంటలకు విలువ కడతాయి. ఏటీఆర్ 72 గరిష్ఠ బరువు 23 టన్నులు, ఏ320 నియో 79 టన్నులు. కానీ దేశంలోని పెద్ద ఎయిర్‌లైన్‌కు వెళ్ళడానికి ఏటీఆర్ చక్కటి మెట్టు. హైదరాబాద్ నుంచి కడపకో హుబ్బళ్ళికో గంట ప్రయాణాలు చేస్తూ రోజుకు నాలుగు ల్యాండింగులు చేసేవాళ్ళకు వాతావరణం, చిన్న రన్‌వేలు, పక్కగాలి అన్నీ అలవాటవుతాయి. ఒకే కంపెనీలో ఏటీఆర్, ఎయిర్‌బస్ రెండూ ఉంటే ఇంకా మేలు. ఒకదాని నుంచి మరోదానికి మారే విధానం ఏమిటి, ఎన్నేళ్ళకు అవకాశం, ఆ మార్పిడికి మళ్ళీ బాండ్ రాయాలా అన్నవి చేరకముందే తెలుసుకోండి.

ఈ ఐదింటిలో వరుసక్రమం అడిగితే, ఆఫర్ చేతిలో ఉన్న ఏటీఆర్ సీటును మొదట పెడతాను, బాగా ఎగిరే అకాడమీలో ఇన్‌స్ట్రక్టర్ పనిని రెండో స్థానంలో పెడతాను. ఇంట్లో కూర్చుని ఎయిర్‌బస్ కోసం మాత్రమే ఎదురుచూడటం అన్నిటికన్నా చివర.

మూడో అడుగు: కంపెనీ నిలుస్తుందా?

కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో, హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు నడిపిన ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. ప్రతిసారీ వందల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. వాయిదాలు మాత్రం ఆగలేదు.

జాగ్రత్తగా చూస్తే గుర్తులు ముందే కనిపిస్తాయి. జీతం ఐదో తారీఖు నుంచి పదిహేనుకు జారుతుంది. పీఎఫ్ ఖాతాలో డబ్బు పడదు, అది మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఒక విమానం విడిభాగాలు తీసి మరో విమానానికి వేస్తుంటారు. విమానాలు అద్దెకిచ్చిన కంపెనీలు వాటిని వెనక్కి తీసుకుంటున్నాయన్న వార్తలు వస్తాయి. శిక్షణ బ్యాచ్‌లు కారణం చెప్పకుండా వాయిదా పడతాయి.

ఇంజిన్ల సంగతి కూడా అడగండి. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్ల సమస్యతో గో ఫస్ట్‌లో సగం విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఇండిగోలో కూడా ఒక దశలో డెబ్బైకి పైగా విమానాలు నిలిచిపోయాయి. పెద్ద కంపెనీ ఆ దెబ్బ తట్టుకుంది, చిన్నది తట్టుకోలేకపోయింది. విమానాలు నేల మీదుంటే జీతం వచ్చినా గంటలు రావు, అప్‌గ్రేడ్లు జరగవు.

నాలుగో అడుగు: ఆఫర్ లెటర్‌లో వెతకవలసినవి

బాండ్ మొత్తం ఎంత, ఎన్నేళ్ళు అన్నది అందరూ చూస్తారు. అది కాలంతో తగ్గుతుందా, లేక చివరి రోజు వరకు పూర్తి మొత్తం కట్టాలా అన్నది కొందరే చూస్తారు. మూడేళ్ళ బాండ్‌లో నెలనెలా తగ్గే ఏర్పాటు ఉంటే రెండేళ్ళకు మీ మీద భారం మూడో వంతే ఉంటుంది. తగ్గకపోతే ఆఖరి నెలలో మానేసినా మొత్తం కట్టమంటారు. బాండ్ గడువు ఏ రోజు నుంచి లెక్కిస్తారు? చేరిన రోజు నుంచా, లైన్ రిలీజ్ అయిన (శిక్షణ ముగిసి మామూలు డ్యూటీ మొదలైన) రోజు నుంచా? శిక్షణ ఎనిమిది నెలలు సాగితే ఆ తేడా మీ జీవితంలో ఎనిమిది నెలలు. కంపెనీ మూతబడితే బాండ్ ఏమవుతుందో కూడా అందులో రాసి ఉండాలి. ఈ కాగితాలు ఒక లాయర్‌కు చూపించడానికి అయ్యే ఖర్చు, టైప్ రేటింగ్ ఖర్చు ముందు చాలా చిన్నది.

జీతంలో చూడవలసింది ఎగిరినా ఎగరకపోయినా ఇచ్చే కనీస గంటలు. 2024లో విస్తారా, ఎయిర్ ఇండియా విలీనానికి ముందు కొత్త ఒప్పందంలో ఆ కనీసం 70 గంటల నుంచి 40 గంటలకు తగ్గడం మీద విస్తారా పైలట్లలో పెద్ద అసంతృప్తి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో విమానాలు కూడా రద్దయ్యాయి. గంటకు 5,000 అనుకుంటే 70 గంటలకు మూడున్నర లక్షలు, 40 గంటలకు రెండు లక్షలు. విమానాలు బాగా తిరిగే నెలల్లో తేడా తెలియదు. వర్షాకాలంలోనో, ఆరోగ్యం బాగాలేని నెలలోనో తెలుస్తుంది.

నోటీసు పీరియడ్ గురించి ఎవరూ ఆఫర్ సమయంలో మాట్లాడరు. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం కో పైలట్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు (కెప్టెన్‌కు) ఏడాది. కంపెనీ ఇష్టపడి ఎన్ఓసీ ఇస్తే ముందే వదలొచ్చు. ఈ ఒక్క నిబంధన తర్వాత వచ్చే ప్రతి లెక్కనూ మారుస్తుంది.

ఐదో అడుగు: కో పైలట్‌గా ఉన్నప్పుడు పెద్ద కంపెనీ పిలిస్తే

అందరినీ తికమకపెట్టే పరిస్థితి ఇది. చిన్న ఎయిర్‌లైన్‌లో ఏటీఆర్ కో పైలట్‌గా మూడేళ్ళయింది. 1,900 గంటలున్నాయి. ఇంకో ఏడాదికి కమాండ్ (కెప్టెన్ హోదా) వస్తుందంటున్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద ఎయిర్‌లైన్ ఏ320 కో పైలట్‌గా పిలిచింది. కెప్టెన్ అయ్యి వెళ్ళాలా, ఇప్పుడే వెళ్ళాలా?

ముందు సీనియారిటీ. ఎయిర్‌లైన్‌లో మీరు చేరిన తేదీయే అప్‌గ్రేడ్‌కు మీ వంతును నిర్ణయిస్తుంది. ఎక్కడి నుంచి ఎన్ని గంటలతో వచ్చినా కొత్తచోట మీ పేరు చివరే ఉంటుంది. విమానాలు వేగంగా చేరుతున్న రోజుల్లో ఒక ఏడాది ఆలస్యంగా చేరితే మీ ముందు కొన్ని వందల మంది వచ్చి నిలబడతారు.

ఇక ఏటీఆర్ కమాండ్ తీసుకుంటే ఏమవుతుంది? కమాండ్ శిక్షణకు చాలా చోట్ల కొత్త బాండ్ ఉంటుంది. నోటీసు ఆరు నెలల నుంచి ఏడాదికి పెరుగుతుంది. ఏడాది ఆగి కమాండ్, ఆ తర్వాత విలువ ఉండేలా ఒక ఏడాది లెఫ్ట్ సీటులో (కెప్టెన్ సీటులో) గంటలు, ఆపై ఏడాది నోటీసు. మొత్తం మూడేళ్ళు. అప్పుడు కూడా జెట్ అనుభవం లేని ఏటీఆర్ కెప్టెన్‌ను పెద్ద ఎయిర్‌లైన్ చాలాసార్లు రైట్ సీటులోనే (కో పైలట్‌గానే) కూర్చోబెడుతుంది. ఈ మూడేళ్ళలో, ఇప్పుడే వెళ్ళిన మీ స్నేహితుడు ఎయిర్‌బస్ మీద రెండు వేల గంటలు దాటేసి కమాండ్ దగ్గర పడతాడు.

అందుకే నా తీర్పు స్పష్టం. గమ్యం పెద్ద ఎయిర్‌లైనే అయితే పిలిచినప్పుడు వెళ్ళండి. ఆగడానికి నాకు సమంజసంగా తోచే కారణాలు కొన్నే ఉన్నాయి. కమాండ్ శిక్షణ తేదీ ఆరు నెలల లోపు కాగితం మీద ఖరారై ఉండటం, కొత్త బాండ్ లేకపోవడం, కంపెనీ గట్టిగా ఉండటం. ఈ మూడూ కలిస్తే ఆగొచ్చు. లేదా పిల్లల చదువు, అమ్మానాన్నల ఆరోగ్యం కోసం హైదరాబాద్ బేస్ (డ్యూటీలు మొదలయ్యే ఊరు) వదలలేని పరిస్థితి. దాన్ని తక్కువ కారణంగా నేను చూడను. బేస్ ఢిల్లీ అయితే సెలవు రోజుల్లో సగం ప్రయాణాలకే పోతాయి, స్టాండ్‌బై డ్యూటీకి అక్కడే గది తీసుకోవాలి, ఆ అద్దె కూడా జీతంలోంచే.

ఆరో అడుగు: పెద్ద కంపెనీలో చేరాక, పెద్ద విమానమా కెప్టెన్ సీటా?

బోయింగ్ 777, 787 అనగానే ఎవరికైనా మనసు లాగుతుంది. ఇండిగో 2024 ఏప్రిల్‌లో ఏ350లు ఆర్డర్ చేశాక ఈ ప్రశ్న అక్కడివాళ్ళకూ వచ్చింది. ఏ320 మీద ఉంటే ఏడాదికి ఏడెనిమిది వందల గంటలు, వందల ల్యాండింగులు, కమాండ్ త్వరగా. సుదూర విమానాల్లో గంటలు వస్తాయి గానీ ల్యాండింగులు తక్కువ. ముగ్గురు నలుగురు పైలట్లు వంతులవారీగా నడిపే ప్రయాణంలో మీ వంతు ల్యాండింగ్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, ల్యాండింగుల నిబంధన కోసం కొందరు సిమ్యులేటర్‌కు వెళ్ళవలసి వస్తుంది.

ముప్పై లోపు వయసుంటే ముందు ఏ320 కమాండ్ తీసుకోండి. లెఫ్ట్ సీటులో గడిపిన గంటలకు ప్రపంచమంతా విలువ ఉంటుంది. గల్ఫ్‌లో గానీ సింగపూర్‌లో గానీ తర్వాత ప్రయత్నించాలన్నా అవే మీ బలం. నలభై దాటాక, కమాండ్ ఇంకా దూరంగా ఉంటే, పెద్ద విమానం కో పైలట్ సీటు కుటుంబానికి సౌకర్యంగా ఉండొచ్చు. 65 ఏళ్ళ వరకు ఎగరొచ్చు కాబట్టి వయసును భయంతో కాక లెక్కతో చూడండి.

రోస్టర్ విషయంలో ఒక మార్పు గమనించండి. 2025 జులై నుంచి పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. నవంబరు నుంచి రాత్రి ల్యాండింగుల మీద పరిమితులు వచ్చాయి. డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసుకుని, రాత్రి నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు తీసుకోవలసి వచ్చింది. విశ్రాంతి నిబంధనలు గట్టిపడితే అదే విమానాన్ని నడపడానికి ఎక్కువ మంది పైలట్లు కావాలి. ఆ రోజు కోసం కాగితాలు సిద్ధంగా ఉంచుకున్నవాళ్ళకే మొదటి పిలుపు అందుతుంది.

ఏడో అడుగు: వదిలేటప్పుడు

నోటీసు ఇవ్వకుండా మాయమవ్వకండి. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి నలభైకి పైగా పైలట్లు నోటీసు పూర్తిచేయకుండా వెళ్ళిపోతే వందల విమానాలు రద్దయ్యాయి, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. ఈ రంగం చిన్నది. ఈ రోజు మిమ్మల్ని పరీక్షించిన ఎగ్జామినర్ రేపు కొత్త కంపెనీలో మీ ఇంటర్వ్యూ టేబుల్ అవతల ఉండొచ్చు. కొత్త కంపెనీ "వెంటనే చేరండి" అన్నా, మీకు ఆరు నెలల నోటీసు ఉందని ఇంటర్వ్యూలోనే చెప్పండి. నిజంగా కావాలనుకుంటే ఆగుతారు, లేదా ఎన్ఓసీ కోసం వాళ్ళే మాట్లాడుకుంటారు. సంతకం చేసిన ఆఫర్ లెటర్ చేతికి రాకముందు మాత్రం రాజీనామా పంపకండి.

రాజీనామా ఇచ్చిన వారంలోనే శిక్షణ రికార్డులు, సిమ్ పరీక్షల ఫారాలు, గంటల ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ఆఖరి రోజు తర్వాత కంపెనీ మెయిల్, రోస్టర్ యాప్ రెండూ మూసుకుపోతాయి. ఈజీసీఏలో (డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్‌లో) ప్రతి ఎంట్రీ ఆమోదం పొందిందో లేదో వరుసగా సరిచూసుకోండి. ఆమోదం పడని గంటల కోసం పాత కంపెనీ చుట్టూ తిరగడం చాలా టెన్షన్. మెడికల్ గడువు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు కొత్తచోట గ్రౌండ్ క్లాసుల మధ్యలో తీరిపోకుండా ముందే పునరుద్ధరించుకోండి. లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా (ఆరోగ్య కారణాలతో లైసెన్స్ పోతే ఆదుకునేది) పాత కంపెనీదైతే ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్తది మొదలయ్యే తేదీ ఎప్పుడో కనుక్కుని, మధ్యలో ఖాళీ ఉంటే సొంతంగా పాలసీ తీసుకోండి. చివరి ఫ్లైట్‌కూ, కొత్త కంపెనీలో మొదటి సిమ్‌కూ మధ్య రెండు నెలలకు మించి విరామం వస్తుంటే, ఒక సిమ్యులేటర్ సెషన్‌కు డబ్బు పక్కన పెట్టుకోండి.